ఇరకం దీవికి కూడా ఒక ఆదివారం కేటాయించండి

సంపాదకులకు,

అయ్యా,

గత ఆదివారం మీ అనుబంధంలో జపాను దీవుల గురించి, అక్కడి సముద్రతీర పట్టణాల గురించి వచ్చిన యాత్రా కథనాన్ని శ్రద్ధగా చదివాను. బొమ్మలు చక్కగా ఉన్నాయి. ఖర్చుల పట్టిక, వీసా వివరాలు, ఏ ఊళ్ళో ఎక్కడ నిలబడితే ఫొటో బాగా వస్తుందో చెప్పిన భాగం, అన్నీ వెళ్ళేవారికి పనికొచ్చేవే. అయితే ‘మనకు ఏ విధంగానూ సంబంధం లేని కొత్త లోకం’ అన్న వాక్యం దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పుణ్యమా అని 2025 ఏప్రిల్ చివరలో నేనూ నా భార్యా పద్నాలుగు రోజులపాటు ఆ తీరాల్లోనే తిరిగి వచ్చాం. ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళు తెలుగు పండితుడిగా పనిచేసి, తిరుపతిలోనే విశ్రాంత జీవితం గడుపుతున్న నాకు ఆ పద్నాలుగు రోజుల్లో పరాయితనం కన్నా చుట్టరికమే ఎక్కువగా కనిపించింది. ఆ చుట్టరికం ఎలాంటిదో కొంత చెప్పి, చివర మన జిల్లాలోనే పులికాట్ సరస్సులో ఉన్న ఇరకం దీవి గురించి మీకు ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొదట అక్షరాల సంగతి. తకమత్సు రేవులో పడవ కోసం కూర్చున్న గదిలో, చిన్నపిల్లలు ఆడుకునే మూలన గోడకు ఒక అక్షరాల పటం వేలాడుతోంది. మా అమ్మాయి దాని మీద వేలు పెట్టి ‘అ, ఇ, ఉ, ఎ, ఒ’ అని చదివింది. ఆ తరవాతి వరసలు క, స, త, న, హ, మ, య, ర, వ. నేను కుర్చీలోంచి లేచి పటం దగ్గరికి వెళ్ళాను. అచ్చులు ముందు, హల్లులు వెనక. ఆ హల్లులు కూడా గొంతు దగ్గర మొదలై, పెదవుల దాకా వచ్చి, ఆ తరవాతే య, ర, వ లలోకి దిగుతున్నాయి. మకారానికి ముందు హకారం ఎందుకు కూర్చుందో మొదట అర్థం కాలేదు. పాతకాలపు జపాను భాషలో ఆ హకారాన్ని పకారంగా పలికేవారని తరవాత తెలిసింది. అంటే ‘ప’ తన చోటులోనే ఉంది, పలుకు మారిందంతే. సిద్ధం అనే మన పాతకాలపు లిపిలో సంస్కృత మంత్రాలు చదువుకున్న బౌద్ధ భిక్షువుల పాండిత్యం వల్ల ఏర్పడిన వరస ఇది. వారిలో అగ్రగణ్యుడు కూకాయ్. 774లో షికోకు దీవిలో పుట్టిన ఆయన 804లో చైనాకు వెళ్ళి, చాంగాన్ నగరంలో ప్రజ్ఞుడనే భారతీయ భిక్షువు దగ్గర సంస్కృతం నేర్చుకుని 806లో తిరిగి వచ్చారు. ఆయనకన్నా ముందే, 736లో, బోధిసేనుడనే మరో భారతీయుడు సముద్రం దాటి అక్కడికి చేరుకుని, నారా నగరంలోని మహాబుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేశాడు. సంబంధం లేదనడానికి ఎక్కడ సందుంది?

షికోకు దీవి చుట్టూ కూకాయ్ పేరు మీద ఎనభై ఎనిమిది ఆలయాల యాత్ర ఉంది. మొత్తం నడక సుమారు 1,200 కిలోమీటర్లు. మేము నడిచింది మొదటి మూడు గుళ్ళ మధ్య దూరం మాత్రమే కాబట్టి గొప్పలు చెప్పుకోను. మొదటి ఆలయం రియోజెన్‌జి, నరుతో పట్టణంలో ఉంది. రాజగృహంలో బుద్ధుడు బోధించిన గృధ్రకూట పర్వతం పేరే దానికి పెట్టారు. ఆ గుడికి ఉన్న మరో పేరులో భారతదేశాన్ని, జపానును సూచించే అక్షరాలు రెండూ పక్కపక్కనే ఉంటాయి. యాత్రికులు తెల్లని అంగీ తొడుక్కుని, గడ్డితో అల్లిన గొడుగులాంటి టోపీ పెట్టుకుని, చేతికర్రతో నడుస్తారు. టోపీ మీద ‘ఇద్దరం కలిసి నడుస్తున్నాం’ అన్న అర్థం వచ్చే మాట రాసి ఉంటుంది. రెండోవాడు కూకాయ్. ఒంటరిగా నడిచేవాడికి కూడా పక్కన ఆయన ఉన్నాడన్నది వారి నమ్మకం. చేతికర్రను ఆయన రూపంగానే భావిస్తారు గనక, రాత్రి బసకు చేరగానే తమ కాళ్ళు కడుక్కోవడానికి ముందు కర్ర అడుగు కడుగుతారు.

రెండో గుడి దాటాక జరిగిన ఒక చిన్న సంఘటన చెప్పాలి. రోడ్డు పక్క ఇంటిముందు, నడుము పూర్తిగా వంగిపోయిన ఒక ముసలావిడ మమ్మల్ని ఆపి, లోపలికి వెళ్ళి, బత్తాయంతేసి పసుపుపచ్చని పండ్లు నాలుగు తెచ్చి రెండు చేతులా అందించింది. నేను తిరుపతివాణ్ణి కదా, చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది. నోటు తీసి ఇవ్వబోయేసరికి ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది. ముఖంలో నవ్వు పోయింది. మా అమ్మాయి తలవంచి క్షమాపణ చెప్పి, నాకు చెవిలో చెప్పింది: ‘నాన్నా, దీన్ని ఒసెత్తాయ్ అంటారు. యాత్రికుడికి ఇచ్చేది దేవుడికి ఇచ్చినట్టే. కాదనకూడదు, డబ్బివ్వకూడదు. పేరు రాసిన చీటీ ఒకటి ఇవ్వాలంతే.’ నా దగ్గర చీటీ లేదు. జేబులో ఉన్న వేంకటేశ్వరస్వామి పటం, పర్సులో పట్టేంతది, తీసి రెండు చేతులా ఇచ్చాను. ఆవిడ దాన్ని నుదుటికి ఆనించుకుంది. ఎవరని అడగలేదు.

అలిపిరి నుంచి కొండకు 3,550 మెట్లు ఎక్కేవారికి దారిలో మజ్జిగ పోసేవాళ్ళను, ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతూ వంగి వంగి ఎక్కే ఆడవాళ్ళను చూస్తూ పెరిగినవాళ్ళం మనం. ఆ ముసలావిడకు మన కొండ గురించి విడిగా చెప్పవలసిన అవసరం ఏముంది?

అదే దీవిలో కొతొహిరా అనే ఊళ్ళో కొండమీద సముద్రయానం చేసేవారిని కాపాడే కొంపిరా దేవుడున్నాడు. ప్రధాన ఆలయానికి 785 మెట్లు. సంస్కృతంలో మొసలికి కుంభీరమని పేరు. ఆ కుంభీరమే కొంపిరా అయింది. ఆ కొండ పేరుకు ఏనుగు తల అని అర్థం. మొసలి పేరున్న దేవుడు ఏనుగు తలకొండ మీద కొలువుండటం విని, మా ఆవిడ మెట్టు మీద కూలబడి ‘ఏమండీ, గజేంద్రుడికీ మకరికీ ఇక్కడ రాజీ కుదిరినట్టుందే’ అంది. పండితులు ఏమంటారో గాని, ఆ రోజు ఎక్కిన 785 మెట్లకు ఆ మాటే నాకు దక్కిన ప్రసాదం.

తిండి విషయం మీ కథనంలో రెండు ముక్కల్లో తేల్చేశారు. శాకాహారులు జాగ్రత్తపడాలి. నీళ్ళలా తేటగా కనిపించే పులుసులో కూడా ఎండుచేపల కషాయం ఉంటుంది. మమ్మల్ని మూడు చోట్ల గుళ్ళలోని భిక్షువుల భోజనం, మిగతా అన్ని చోట్ల మా ఇంటి పులిహోర పొడి కాపాడాయి.

హిరోషిమా దగ్గరి మియాజిమా దీవి గురించి మీరు అచ్చేసిన బొమ్మ అందరికీ తెలిసిందే: సముద్రంలో నిలబడిన ఎర్రని తోరణం. బొమ్మలో కనిపించని సంగతులే నన్ను ఎక్కువ ఆకట్టుకున్నాయి. ఇప్పుడున్న తోరణం 1875లో కట్టినది, ఎత్తు 16 మీటర్ల పైచిలుకు. ఆ కర్పూర చెట్ల స్తంభాలను నేలలో పాతలేదు. పైదూలాన్ని పెట్టెలా బోలుగా చేసి, అందులో పిడికెడంతేసి రాళ్ళు టన్నులకొద్దీ నింపారు. ఆ బరువుతోనే అది తనంతట తాను నిలబడి అలలకు, తుఫానులకు ఓర్చుకుంటోంది. నీటి మీదికి కట్టిన ఇత్సుకుషిమా ఆలయంలో నేలపలకల మధ్య సందులు వదిలారు. పోటు పొంగినప్పుడు నీరు పలకలను ఎత్తి విరగ్గొట్టకుండా ఆ సందుల్లోంచి పైకి వచ్చి పోతుంది. 1168లో తైరా వంశపు కియోమోరి ఆ ఆలయానికి ఇప్పుడున్న రూపం ఇచ్చిన నాటినుంచీ సముద్రంతో వారి ఒప్పందం అదే: నిన్ను ఆపము, నువ్వు మమ్మల్ని కూల్చవద్దు. మరమ్మతుల కోసం తోరణాన్ని 2019 నుంచి 2022 చివరి దాకా గుడ్డలతో కప్పేశారు. ప్రపంచమంతా ఫొటో కోసం వచ్చే చోట మూడేళ్ళపాటు ఫొటో లేకుండా చేయడానికి గుండె ధైర్యం కావాలి. 2023 అక్టోబరు నుంచి దీవికి వచ్చే ప్రతి సందర్శకుడి దగ్గర వంద యెన్‌లు వసూలు చేస్తున్నారు.

ఆ దీవిలో పూజలందుకునే బెంజాయ్‌తెన్ మరెవరో కాదు, మన సరస్వతి. చేతిలో వీణకు బదులు బివా అనే వాద్యం ఉంటుంది. మియాజిమా అంగళ్ళలో ఎక్కడ చూసినా అన్నం వడ్డించే చెక్క గరిటెలే. ఒక భిక్షువు కలలో ఈ దేవి చేతి వాద్యాన్ని చూసి, ఊరివాళ్ళకు ఒక బతుకుతెరువు ఉండాలని ఆ ఆకారంలో గరిటె చెక్కించాడని కథ. సరస్వతి వీణ అన్నం గరిటెగా మారడం కన్నా మంచి వరం చదువుల తల్లి ఇవ్వగలదా? మేము ఒకటి తెచ్చుకున్నాం. మా ఇంట్లో ఇప్పుడు రాగిసంగటి దాంతోనే తీస్తున్నాం. చెక్క కొంచెం పలచన, సంగటి గెలికితే వంగుతుంది గాని తీయడానికి బాగుంది.

ఇక మీ కథనంలో లేని ఊరు తోమోనోఉరా. నా దృష్టిలో ఆ యాత్ర మొత్తానికి అదే ప్రాణం. జపాను దీవుల నడుమ ఉన్న సెతో లోతట్టు సముద్రానికి తూర్పున ఒక ద్వారం, పడమర ఒక ద్వారం ఉన్నాయి. పోటు వచ్చినప్పుడు రెండు వైపుల నుంచీ పారివచ్చే నీళ్ళు ఈ ఊరి దగ్గర కలుసుకుంటాయి. తెరచాప పడవల కాలంలో నావికులు పోటు నీటితో ఇక్కడిదాకా వచ్చి, లంగరు వేసి, పాటు మొదలయ్యేదాకా వేచి ఉండి, ఆ నీటితోనే అవతలికి పోయేవారు. నీటి కోసం ఎదురుచూడటమే ఆ ఊరి వ్యాపారం. సత్రాలు, మందుమూలికలు వేసిన మద్యం కాచే ఇళ్ళు, గుళ్ళు అన్నీ ఆ నిరీక్షణ మీదే బతికాయి. 1859 నాటి రాతి దీపస్తంభం, అర్ధచంద్రాకారంలో నీళ్ళలోకి దిగే రాతిమెట్లు ఇప్పటికీ ఉన్నాయి. పోటుకు ఎన్ని మెట్లు మునుగుతాయో, పాటుకు ఎన్ని బయటపడతాయో అక్కడి పిల్లలు చెప్పగలరు.

ఈ రేవు మీద వంతెన వేయాలని, కొంత నీటిని పూడ్చి రోడ్డు చేయాలని 1983లో ప్రణాళిక వేశారు. ఊళ్ళో వీధులు ఎంత ఇరుకంటే ఎదురెదురుగా రెండు కార్లు వస్తే ఒకటి వెనక్కి పోవాలి. కాబట్టి రోడ్డు కావాలన్నవారిది అన్యాయమైన కోరిక కాదు. ఊరు రెండుగా చీలింది. వద్దన్నవారు 2007లో కోర్టుకు వెళ్ళారు. 2009 అక్టోబరులో హిరోషిమా జిల్లా కోర్టు, ఆ రేవు దృశ్యం అక్కడివారు అనుభవిస్తున్న విలువైన ఆస్తి అనీ, ఒకసారి పూడ్చితే తిరిగి రాదనీ భావించి, ప్రణాళికకు అనుమతి ఇవ్వరాదని తీర్పునిచ్చింది. 2016లో ప్రభుత్వమే ఆ ప్రణాళికను వదులుకుంది. ఇంటి అరుగు మీద కూర్చుని చూసే సముద్రాన్ని చట్టం కాపాడవలసిన హక్కుగా ఒక న్యాయస్థానం గుర్తించిన విషయం, యాత్రా కథనంలో ఫొటో పక్కన రాయదగినది కాదా?

జపాను వాళ్ళు అన్నీ ఇలాగే చక్కగా చేశారని నేను చెప్పడం లేదు. కళాదీవిగా మీరు పొగిడిన నావోషిమాలో కుసామా అనే కళాకారిణి చేసిన పసుపుపచ్చ గుమ్మడికాయ శిల్పం దగ్గర జనం బారులు తీరి ఉన్నారు. 2021లో తుఫానుకు కొట్టుకుపోతే, మరుసటి ఏడాది మళ్ళీ పెట్టారట. నాకు అది గుమ్మడికాయగానే కనిపించింది. దాని పక్క దీవి తెషిమా కథ వేరు. 1970ల చివరినుంచి 1990 దాకా అక్కడ అక్రమంగా పారిశ్రామిక వ్యర్థాలు గుమ్మరించారు. ఊరివాళ్ళు మొరపెట్టుకుంటుంటే అధికారులు పట్టించుకోలేదు. దీవివాళ్ళు పట్టువదలకుండా పోరాడగా 2000లో రాజీ కుదిరింది. గవర్నరు దీవికి వెళ్ళి క్షమాపణ చెప్పారు. తొమ్మిది లక్షల టన్నులకు పైగా చెత్తను, కలుషితమైన మట్టిని తవ్వి పడవల మీద నావోషిమాకు చేర్చి శుద్ధి చేశారు. ఆ తరలింపు 2017 దాకా సాగింది. చూడవచ్చినవారు తెషిమాలోని కొత్త మ్యూజియం దగ్గర ఫొటోలు దిగి పోతున్నారు. ఆ దీవి చరిత్ర మాత్రం అక్కడి ముసలివాళ్ళ నోటనే వినాలి.

చివరి రెండు రోజులు నాగసాకి. విదేశీయులను ఒకచోట కట్టడి చేయడానికి 1636లో సముద్రంలో మట్టి పోసి కట్టిన విసనకర్ర ఆకారపు కృత్రిమ దీవి దెజిమా. నాలుగెకరాలు కూడా ఉండదు. 1641 నుంచి రెండు శతాబ్దాల పైన డచ్చివారిని అక్కడే ఉంచారు. వాళ్ళు తెచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ తీరపు నూలు బట్టలున్నాయి. పూలు, లతలు వేసిన అద్దకపు బట్టలను జపానులో ‘సరస’ అన్నారు. చారల బట్టల్లో ఒక రకానికి ‘సంతోమె’ అని పేరు. ఆ పేరు మైలాపూరు పక్కన పోర్చుగీసువారు పెట్టిన శాంథోమ్ నుంచి వచ్చింది. టీ సేవించే వేడుకలో వాడే చిన్న డబ్బాలకు ఆ గుడ్డముక్కలతో సంచులు కుట్టి అపురూపంగా దాచుకున్నారు. మా అమ్మమ్మది శ్రీకాళహస్తి. కరక్కాయ నీళ్ళలో తడిసిన గుడ్డ వాసన నాకు బాల్యంనుంచీ ఎరుక.

అయ్యా, ఇక్కడికి వచ్చాకే నా విన్నపం మొదలవుతుంది. దెజిమాకు ఓడలు నడిపిన ఆ డచ్చి కంపెనీకి, 17వ శతాబ్దంలో చాలాకాలంపాటు ఈ తీరంలోని వర్తకానికి ముఖ్యస్థానం పులికాట్. ఆ ఊరి పేరున్న సరస్సులో, పాతకాలంవారు ప్రళయకావేరి అన్నదానిలో, చాలా భాగం ఇప్పుడు మన జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు తిరుపతి జిల్లాకు కొండతో పాటు సముద్రం కూడా వచ్చింది: సూళ్ళూరుపేట, తడ, వాకాడు. ఈ సంగతి మన ఊళ్ళో చాలామందికి ఇంకా మనసుకు ఎక్కలేదు. మొన్న ఒక పెళ్ళిలో, మనది తీరప్రాంతపు జిల్లా అని నేనంటే పక్కనున్న ఆయన నవ్వి ‘కపిలతీర్థం గురించా సార్?’ అన్నారు.

జపాను నుంచి వచ్చాక చలికాలంలో ఇరకం దీవి చూద్దామని బయలుదేరాను. తడ దగ్గర ఒక రేవులో దిగి పడవ ఎప్పుడని అడిగితే, చేపల గంప పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె ‘మనుషులు నిండితే పోతాది సామీ’ అంది. వేళలు రాసిన బోర్డు నా కంట పడలేదు. అంతకు రెండు రోజుల ముందు సంబంధిత కార్యాలయానికి ఫోను చేస్తే, ‘అక్కడ చూడ్డానికేముంది’ అని అడిగారు. రెండు గంటలు కూర్చున్నాక పడవ కదిలింది. ఆ రెండు గంటల్లో ఆమె, సగం తమిళం కలిసిన తెలుగులో, నీరు ఏ నెలలో ఎక్కడ మోకాలి లోతుకు తగ్గుతుందో, సముద్రపు ముఖద్వారం పూడిపోతే రొయ్య ఎందుకు రాదో, రాజహంసలు దిగిన చోట వల ఎందుకు వేయరో చెబుతూనే ఉంది. తోమోనోఉరాలో పోటు కోసం ఎదురుచూసిన నావికుల కథను నాకు అద్దాల పెట్టె వెనకాల రాసి చూపించారు. ఇక్కడ అదే విద్య తెలిసిన మనిషి గంప పక్కన కూర్చుని ఉంది.

మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి పేజీలు కొన్నింటిని మన తీరానికి కేటాయించవలసిందిగా కోరుతున్నాను. ఇరకం, వేనాడు దీవులు, గూడబాతులు గుడ్లుపెట్టే నేలపట్టు, సరస్సుకు ఊపిరి అయిన రాయదొరువు ముఖద్వారం, చెన్నపట్నం పుట్టకముందే ఆంగ్లేయులు వర్తకస్థావరం పెట్టుకున్న దుగరాజపట్నం, వీటిలో దేని గురించి రాసినా పేజీ చాలదు. అయితే వాటిని ‘చూడదగిన ప్రదేశాలు’ అన్న శీర్షిక కింద రిసార్టుల ప్రకటనల పక్కన వేయకండి. అక్కడి పట్టపువారి, యానాదుల మాటల్లోనే రాయించండి; వాళ్ళు గాలికి, నీటికి, చేపకు పెట్టుకున్న పేర్లను సరిదిద్దకుండా అచ్చువేయండి. రేపు ఆ సరస్సు మీద ఏ ప్రణాళిక వచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, ఆ నీటిని చూస్తూ బతికేవారు ఏమనుకుంటున్నారో జిల్లాకు ముందుగా తెలిసి ఉండాలి. తోమోనోఉరావాళ్ళు కోర్టుకెక్కే నాటికి వారి ఊరి గురించి దేశమంతటికీ తెలుసు. ఇరకం గురించి తిరుపతికే తెలియదు.

మీ విలేకరి వస్తానంటే దారి చూపడానికి నేను సిద్ధంగా ఉన్నాను. తెల్లవారుజామున బస్టాండులో సూళ్ళూరుపేట బస్సు ఎక్కితే పొద్దెక్కకముందే చేరుకోవచ్చు. పడవ ఎన్నింటికి కదులుతుందో మాత్రం నేనూ చెప్పలేను. మనుషులు నిండాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
తిరుపతి.